అప్‌డేట్: ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’లో ‘కండెసెన్షన్’ పొగడ్తా, తిట్టా?

జేన్ ఆస్టెన్ 1813 నాటి ఈ నవలలో పాస్టరు కాలిన్స్, తనకు కొలువిచ్చిన లేడీ కేథరిన్‌ది ఎంత ‘కండెసెన్షనో’ అని మురిసిపోతాడు. ఇప్పటి నిఘంటువులో చూస్తే చిన్నచూపు అని ఉంది, ఇదేమిటని అడిగాను. తేలిపోయింది. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పాత నిఘంటువు చూడమన్న సలహాయే పనిచేసింది. శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువు ప్రకారం, పైస్థాయి వారు తమంతట తాము దిగివచ్చి కిందివారితో సమానంగా మెలగడమే ‘కండెసెన్షన్’. అంటే కాలిన్స్ మనస్ఫూర్తిగానే పొగుడుతున్నాడు, నవ్వుతున్నది రచయిత్రి. గడీ మెట్లు దిగి దొర పలకరించాడని పొంగిపోయే మనిషిని మా నల్లగొండలో ఎవరికీ వివరించనక్కర్లేదు!

ఎవరి నోట వస్తోందో గమనించమని మా ఇంగ్లిషు మేడమ్ చెప్పారు. అదీ ఉపయోగపడింది. చివరి అధ్యాయంలో కథకురాలే దాన్ని క్రియగా వాడుతుంది: మేనల్లుడు డార్సీ, ఎలిజబెత్‌ను పెళ్లాడడం ఇష్టంలేక మండిపడ్డ కేథరిన్, ఆఖరికి వాళ్లుండే పెంబర్లీ భవంతికి రావడానికి ‘కండెసెండ్’ అయిందట. చురక అక్కడుంది.

అచ్చుతప్పేమో, సంక్షిప్త ప్రతేమో అన్న అనుమానాలు నిలవలేదు. పూర్తి ప్రతిలోనూ అదే మాట. సినిమా చూడమన్నవారికి: చూశాను, బాగుంది, ఈ ప్రశ్నకు మాత్రం అక్కరకు రాలేదు.