వేసవిలో బడిలో పెట్టే ఉచిత భోజనానికి మన పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

ఇద్దరు_పిల్లల_అమ్మ:

అమెరికాలో డాలస్ శివార్లలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పెద్దవాడు నాలుగో తరగతి, చిన్నది ఒకటి. మే నెలాఖరులో బళ్లు మూసేముందు మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఈ ప్రాంతం ప్రభుత్వ బళ్లన్నీ నడిపే సంస్థ) సూపరింటెండెంట్ ఏటా రాసినట్టే ఈసారీ తల్లిదండ్రులందరికీ పెద్ద ఉత్తరం పంపారు. ఈ ఏడాది పరీక్షల్లో ఎంత మెరుగయ్యాం, ఎవరెవరు రిటైరవుతున్నారు, కొత్త బిల్డింగ్ ఎంతవరకు వచ్చింది, ఇవన్నీ అయ్యాక చివర్లో వేసవిలో కుటుంబాలకు ఏమేం ఉన్నాయో రాశారు. చదవడంలో వెనకబడినవాళ్లకు సమ్మర్ స్కూల్, లైబ్రరీలో పుస్తకాల కార్యక్రమం, కొన్ని స్కూళ్లలో 18 ఏళ్లలోపు పిల్లలు ఎవరొచ్చినా ఉచితంగా పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం. అప్లికేషన్ లేదు, పేరు కూడా రాయక్కర్లేదట.

మావారికి ఏప్రిల్‌లో లేఆఫ్ అయింది. హెచ్1బీ ఉద్యోగ వీసా కాబట్టి 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే స్టేటస్ మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. నాకు పనిచేసే అనుమతి లేదు. బడి నడిచినన్నాళ్లు పిల్లలిద్దరూ ఒక పూట అక్కడే తినేవాళ్లు, ఇప్పుడు మూడు పూటలూ ఇంట్లోనే. మరీ ఇబ్బందేమీ లేదు, కానీ అద్దె కట్టాక చేతిలో ఎంత మిగులుతుందో రోజూ లెక్కపెట్టుకుంటున్నాను. భోజనం పెట్టే స్కూలు మాకు పది నిమిషాల నడక.

మా వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకావిడ "అది నిజంగా తిండి లేని పిల్లల కోసం, మనం వెళ్తే వాళ్ల నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే" అంది. ఇంకొకావిడ గ్రీన్ కార్డ్‌కి దెబ్బ అంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్. మొహమాటం లేకుండా చెప్పండి.

పాతకాపు_2004:

చెల్లెమ్మా, ముందు మీవారికి తొందరగా ఉద్యోగం రావాలని కోరుకుంటున్నాను. అడిగారు కాబట్టి చెప్తున్నా, నేనైతే తీసుకెళ్లను. మనం ఈ దేశానికి మా ఖర్చులు మేమే భరించుకుంటాం అని చెప్పి వచ్చాం. 2009లో నాకూ ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు పప్పన్నం, పచ్చడి మెతుకులు తిన్నాం కానీ ఎవరి ముందూ చేయి చాచలేదు. ఇంట్లో బియ్యం, కందిపప్పు ఉన్నంతకాలం పిల్లలు పస్తుండరు కదా.

ఇంకో బాధ కూడా ఉంది. మీ సంగతి వేరు, మీకు నిజంగా అవసరం. కానీ మీరు వెళ్తే మీ వెనక రెండు జీతాలు వచ్చే ఇళ్లవాళ్లు కూడా ఫ్రీ అని బయల్దేరతారు. అప్పుడు వేలు మనందరి వైపు చూపిస్తారు. ఇప్పుడున్న వాతావరణంలో మనకది అవసరమా?

ఒంగోలు_అబ్బాయి:

అన్నా, మీరు చెప్పినదే మా నాయనమ్మ 2003లో చెప్పింది. మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం మొదలైన ఏడాది అది, నేను మూడో తరగతి. మాకు అయిదెకరాలుంది, "మనకేం ఖర్మ, ఇంటికొచ్చి తిను" అంది. మాలాంటి ఇళ్ల పిల్లలం గంట కొట్టగానే ఇంటికి పరిగెత్తేవాళ్లం, మిగిలినవాళ్లు వరండాలో పళ్లేలు పట్టుకుని కూర్చునేవాళ్లు. నెల తిరిగేసరికి అది బడి అన్నం కాస్తా "వాళ్ల అన్నం" అయిపోయింది. వండే ఆవిడ కులం గురించి కూడా ఊళ్లో మాటలు మొదలయ్యాయి, అది ఇంకో కథ. నా పక్క బల్ల పిల్లాడు, బాగా ఆకలేసేవాడు, మేం చూస్తామని తినకుండా నీళ్లు తాగి కూర్చోవడం నా కళ్లారా చూశాను.

దాన్ని మార్చింది మా హెడ్మాస్టరు గారు. ఒకరోజు ఆయనే పళ్లెం పట్టుకుని వరసలో కూర్చున్నారు, మర్నాడు మా నాన్నతో మాట్లాడి నన్నూ కూర్చోబెట్టారు. అందరం తిన్నాక ఎవరూ దాన్ని ఎవరి అన్నమూ అనలేదు.

అందుకే నోటి దగ్గర కూడు లాక్కోవడం అనే మాట నాకు తిరగేసి కనిపిస్తుంది. కాస్త ఉన్నవాళ్లు దూరంగా ఉంటే అసలు లేనివాడు ఆ గుమ్మం తొక్కడానికి ఇంకా సిగ్గుపడతాడు.

పప్పు_ప్రియ:

నా సందేహం చిన్నది. మేం శాకాహారులం. అక్కడ పెప్పరోనీ, హాట్‌డాగ్ తప్ప ఏముంటాయి? పిల్లలకు తెలియకుండా బీఫ్ పెట్టేస్తే?

ట్రే_అక్క:

నేను డిస్ట్రిక్ట్ కిచెన్‌లో పనిచేస్తాను, ఆరో వేసవి ఇది. తెలిసినంత చెప్తాను, కొంచెం పొడవవుతుంది.

ముందు నోటి దగ్గర కూడు సంగతి. ఇది ఒక గిన్నెలో ఉన్నది పంచుకోవడం కాదు. ఈ భోజనం డబ్బు ఫెడరల్ వ్యవసాయ శాఖ నుంచి వస్తుంది, ఎన్ని భోజనాలు పెట్టామో అన్నిటికే ఇస్తారు. తలుపు దగ్గర నా చేతిలో కాగితం ఉంటుంది, పిల్లాడు ట్రే తీసుకోగానే ఒక అంకె కొట్టేస్తాను, అంతే. పేరు లేదు, అడ్రసు లేదు, ఏ దేశం నుంచి వచ్చావని లేదు. నిన్న 70 మంది వస్తే ఇవాళ ఆ లెక్క చూసుకుని వండుతాం. 40 మందే వస్తే మిగిలింది చెత్తబుట్టకే పోతుంది, దానికి పైసా రాదు. రెండేళ్ల కిందట మా దగ్గరే ఒక స్కూల్లో పిల్లలు రావట్లేదని మధ్యలోనే ఆపేశారు. ఆ వీధిలో వేరే దారి లేని అయిదారు కుటుంబాలు ఉండేవి. వాళ్లకు బస్సు లేదు, కారు లేదు, ఇంకో స్కూలు మూడు మైళ్లు. ఆ అయిదారు కుటుంబాలు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మీ ఇద్దరు పిల్లలు వస్తే ఎవరిదీ తగ్గదు, ఆ స్కూలు తెరిచి ఉండడానికి రెండు అంకెలు కలుస్తాయి.

నియమాలు కొన్ని ఉన్నాయి. పిల్లలు అక్కడే కూర్చుని తినాలి. కోవిడ్ రోజుల్లో కారులో ప్యాకెట్ అందించేవాళ్లం, ఆ వెసులుబాటు 2022లో పోయింది, ఇప్పుడు పల్లె ప్రాంతాల్లో కొన్నిచోట్ల మాత్రమే ఇంటికి ఇస్తారు. పిల్లల ట్రేలోంచి పెద్దవాళ్లు తినకూడదు, ఇది చాలామందికి తెలియక ఇబ్బంది పడతారు. మా దగ్గరైతే పెద్దవాళ్లు డబ్బిచ్చి వేరే ప్లేటు కొనుక్కోవచ్చు.

పప్పు ప్రియ గారూ, లంచ్‌లో పాలు, పండు లేదా కూర, బ్రెడ్డో అన్నమో, ఒక ప్రొటీన్ ఉండాలి. ఆ ప్రొటీన్ మాంసమే కానక్కర్లేదు, చీజ్, పెరుగు, బీన్స్, గుడ్డు, వేరుశనగ వెన్న ఏదైనా సరే. రోజూ వెజ్ ఉంటుందని మాత్రం మాటివ్వలేను. నెల మెనూ వెబ్‌సైట్లో పెడతారు, చూసుకుని రండి. పెప్పరోనీ అంటే మామూలుగా పంది, ఆవు మాంసం కలిపిందే, పిల్లలకు ముందే చెప్పండి. అలర్జీ ఉంటే డాక్టర్ కాగితం తెస్తే మార్చి ఇవ్వాల్సిందే. మతం కారణంగా అడిగితే మాత్రం అది డిస్ట్రిక్ట్ ఇష్టం, కాకపోతే అడగండి, అడగకపోతే మాకెలా తెలుస్తుంది? పిల్లలు వద్దనుకున్న సీల్ తియ్యని పాలు, పండ్లు పెట్టడానికి ఒక బల్ల ఉంటుంది, కావలసిన పిల్లలు అక్కణ్నుంచి తీసుకుంటారు.

చెల్లీ, ఇంకోమాట. బళ్లు తెరిచేసరికి కూడా ఉద్యోగం రాకపోతే ఉచిత లంచ్ అప్లికేషన్ పెట్టు. అది ఇప్పటి ఆదాయం చూసి ఇస్తారు, నిరుటి జీతం చూసి కాదు. సంవత్సరం మధ్యలోనైనా పెట్టుకోవచ్చు.

వీసా_ఫైలు:

గ్రీన్ కార్డ్ భయం గురించి. నేను లాయర్‌ని కాదు, కానీ మా ఫైలు పెండింగ్‌లో ఉన్నప్పుడు ఇదంతా చదివాను. పబ్లిక్ ఛార్జ్, అంటే ప్రభుత్వం మీద ఆధారపడే మనిషి అనే ముద్ర గురించి 1999లో మార్గదర్శకాలు వచ్చాయి, 2019లో చాలా కఠినమైన రూల్ వచ్చింది, దాన్ని 2021లో తీసేశారు, 2022లో ఇంకోటి వచ్చింది. ఈ మూడింటిలో ఏదీ బడి భోజనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అంత కఠినమైన 2019 రూల్ కూడా.

2022 రూల్‌ని తీసేయాలని 2025 నవంబరులో ప్రతిపాదన పెట్టారు, కాబట్టి భయపడేవాళ్లది తప్పని నేను అనను. కానీ ట్రే అక్క చెప్పింది మళ్లీ చదవండి. పేరే రాయని చోట మీ ఫైలులో ఏం చేరుతుంది? ఇక్కడ పుట్టిన పిల్లల పేరున స్నాప్ (సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే సాయం) లాంటివి తీసుకునేముందు మాత్రం తప్పకుండా లాయర్‌ని అడగండి. రెండూ ఒకటే అనుకుని వాట్సాప్‌లో అందర్నీ బెదరగొట్టడం వల్ల నష్టపోయేది పిల్లలే.

పాతకాపు_2004:

ట్రే అక్కగారూ, ప్లేట్ల లెక్కన డబ్బొస్తుందని నాకు తెలియదు. ఒక బడ్జెట్ ఉంటుంది, అది అయిపోతే ఇంక లేదు అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. చెల్లెమ్మా, చేయి చాచడం అన్న మాట కూడా అనకుండా ఉండాల్సింది, మీ పరిస్థితి చదివి కూడా అన్నాను.

కానీ రెండు జీతాలవాళ్ల గురించి నా మాట మారదు. బేబీ సిట్టింగ్ ఖర్చు మిగులుతుందని పిల్లల్ని అక్కడ దింపి పోయేవాళ్లని చూశాను. అది సరికాదు.

ట్రే_అక్క:

దింపి పోవడం సరికాదు, ఒప్పుకుంటాను, ఆరేళ్లవాణ్ని ఒంటరిగా వదిలేస్తే చూసుకోవాల్సింది మేమే. కూర్చుని తినిపించి తీసుకెళ్తే మాత్రం ఎవరి జీతం ఎంతని నేనడగను, అడగకూడదు కూడా. అడగడం మొదలుపెడితే మొదట మానేసేది అవసరమైనవాళ్లే.

ప్లేనో_నాన్న:

మనలో మనం వాదించుకుంటున్నాం కానీ అసలు అడగాల్సింది డిస్ట్రిక్ట్‌ని. మామూలుగా ఇలా అందరికీ పెట్టే చోటు కావాలంటే ఆ ప్రాంతంలో కనీసం సగం మంది పిల్లలు ఉచిత లేదా తగ్గింపు ధర లంచ్‌కి అర్హులై ఉండాలి. పెద్ద ఇళ్ల మధ్య ఉన్న అపార్ట్‌మెంట్లలో లేఆఫ్ అయిన కుటుంబాలు ఎన్ని ఉన్నా ఆ లెక్క అందుకోదు. మా దగ్గర ఒక్క స్కూలూ లేదు. ఉన్నచోట కూడా మా డిస్ట్రిక్ట్ జూన్ నెలాఖరుకే ఆపేస్తుంది, బళ్లు తెరిచేది ఆగస్టు మధ్యలో. జులైలో పిల్లలకు ఆకలెయ్యదా?

ఇంకోటి. వేసవికి పిల్లకి 120 డాలర్ల చొప్పున సరుకులకిచ్చే సన్ బక్స్ 2024లో చాలా రాష్ట్రాల్లో మొదలైతే టెక్సాస్ ఆ ఏడాదీ చేరలేదు, 2025లోనూ చేరలేదు. అంటే ఇక్కడ వేసవిలో చాలామంది పిల్లలకు మిగిలింది ఈ ట్రే ఒక్కటే. దాన్ని ఉత్తరంలో పరీక్షల మార్కులు, బిల్డింగులు అన్నీ అయ్యాక చివరి పేరాలో పెడతారా? మా స్కూల్ బోర్డు మీటింగులో తల్లిదండ్రులు మాట్లాడడానికి టైమిస్తారు. నేను పేరు రాయించుకున్నాను, మొదటి పేజీలో వెయ్యమని, తెలుగులో కూడా పంపమని అడుగుతాను. మా పిల్లల క్లాసులో తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో వాళ్లకూ తెలుసు. మనవాళ్లకు ఇంగ్లీషు రాక కాదు, ఇంట్లో ఉన్న అమ్మమ్మకూ తాతయ్యకూ తెలియాలి, పగలు పిల్లల్ని చూసేది వాళ్లే.

ఒంగోలు_అబ్బాయి:

నేనూ వస్తాను, తేదీ చెప్పండి. మీ దగ్గర స్కూలు లేకపోతే 211 అనే సహాయ నంబరుకి ఫోన్ చేసి చూడండి, దగ్గర్లో చర్చిలోనో లైబ్రరీలోనో పెడుతుంటే చెప్తారు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

అందరికీ థాంక్స్. పాతకాపు అన్నా, మీరు ఆ మాట వెనక్కి తీసుకోకపోయినా నాకు కోపం ఉండేది కాదు, మా నాన్న కూడా అచ్చం అలాగే మాట్లాడతారు.

సోమవారం తీసుకెళ్లాను. గుమ్మం దగ్గర కాళ్లు వణికాయి, అబద్ధం చెప్పను. ఒకావిడ నవ్వుతూ "ఇద్దరా?" అని అడిగి రెండు అంకెలు కొట్టేసింది, అంతే. చీజ్ శాండ్‌విచ్, క్యారెట్లు, ఆపిల్, పాలు. చిన్నది క్యారెట్లు ముట్టలేదు. పెద్దవాడికి వాడి క్లాసు పిల్లాడే కనిపించాడు, ఇద్దరూ తిన్నాక అరగంట బయట ఆడుకున్నారు. బడి మూసేశాక వాడు అలా నవ్వడం ఇదే మొదటిసారి.

మేం బయటికి వస్తుంటే పార్కింగ్‌లో ఒక తెలుగావిడ, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, నన్ను చూసి కారు దిగబోయి మళ్లీ తలుపేసుకుని వెళ్లిపోయింది. నేను మాట్లాడేలోపే. ఆవిడ ఇది చదువుతుంటే, అక్కా, రేపు పదకొండున్నరకి నేను ఆ గుమ్మం దగ్గరే ఉంటాను. కలిసి లోపలికి వెళ్దాం.