సమాజం మారకుండా ప్రభుత్వం తీరు మారుతుందా?

చర్చ మొదలుపెట్టినవారు
ఎన్ని చట్టాలు తెచ్చినా జనం అలవాట్లు మారనిదే పాలన మారదని నా వాదన. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తల పార్కింగ్ చలాన్లే తీసుకోండి. 2002 దాకా చలానా కట్టకపోయినా వాళ్లని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. అందరికీ అవే వీధులు, అవే రూల్స్. అయినా అవినీతి బాగా ఉందని పేరుపడ్డ దేశాల వాళ్ల చలాన్లు గుట్టలుగా పేరుకుపోయాయి. స్వీడన్, నార్వే వాళ్లవి ఒక్కటీ పెండింగ్‌లో లేదు. మనిషి తన సమాజాన్ని వెంట తెచ్చుకుంటాడనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మొదటి సమాధానం
మీరు సగమే చెప్పారండీ. 2002 చివర్లో, చలాన్లు కట్టనివాళ్ల దౌత్య నంబర్ ప్లేట్లు ఊడబీకే అధికారం నగరానికి వచ్చింది. ఆ తర్వాత ఉల్లంఘనలు దాదాపు ఆగిపోయాయి. ఆ కొద్ది నెలల్లో వాళ్ల సంస్కృతి మారిపోయిందంటారా? కొరియా సంగతి చూడండి. ఒకే భాష, ఒకే చరిత్ర ఉన్న జనాన్ని 1945లో రెండుగా విడదీస్తే, రెండు పూర్తిగా వేరైన రాజ్యాలు తయారయ్యాయి. అంతా వ్యవస్థలోనే ఉంది.

రెండో సమాధానం
ప్లేటు ఊడబీకే మనిషి ఎక్కడి నుంచి వస్తాడన్నది మీరిద్దరూ అడగలేదు. అతనూ ఆ సమాజంలోంచే వస్తాడు. నాకు అసలు చిక్కు అక్కడే కనిపిస్తుంది.

అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్‌లో 1973లో పీటర్ గాడ్‌బర్ అనే పెద్ద పోలీసు అధికారి, లెక్క చెప్పలేని ఆస్తిపై దర్యాప్తు జరుగుతుండగానే బ్రిటన్‌కి పారిపోయాడు. జనం రోడ్డెక్కారు. అప్పటిదాకా అవినీతి కేసులు చూసే విభాగం పోలీసు శాఖలోనే ఉండేది. అంటే దొంగ చేతికే తాళాలు. 1974లో దాన్ని పోలీసుల నుంచి విడదీసి స్వతంత్ర కమిషన్ పెట్టారు. 1977 అక్టోబరులో పోలీసులే ఆ కమిషన్ ఆఫీసులోకి దూసుకెళ్లి అక్కడి సిబ్బందిపై చేయి చేసుకున్నారు. గవర్నర్ వెనక్కి తగ్గి, 1977 జనవరికి ముందు జరిగిన వాటిలో చాలావరకు వదిలేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఆదేశం ఇచ్చేది ఎవరైనా, అమలు చేయాల్సినవాళ్లు ఏకమై కాదంటే ఎంతటి అధికారమైనా దిగి రావాల్సిందే.

అయినా కమిషన్ నిలబడింది. దర్యాప్తుతో పాటు జనంతో మాట్లాడటానికి మొదటి నుంచీ ఒక విభాగం ఉండటం చాలా ముఖ్యమని నా అభిప్రాయం. జనం ఫిర్యాదు చేయకపోతే దర్యాప్తుకి పనే ఉండదు కదా. సమాజం మారేదాకా ఆగనక్కర్లేదు. కానీ దానిలో ఏ భాగం మన వైపు ఉందో చూసుకోకుండా దిగకూడదు.

చర్చ మొదలుపెట్టినవారు
అక్కడి గవర్నర్‌కి ఓట్ల టెన్షన్ లేదు, కాబట్టి తట్టుకున్నాడు. ఎన్నికలున్నచోట ఏమైందో అమెరికా మద్య నిషేధం చెబుతుంది. 1920లో అమలైంది, 1933లో రద్దయింది. జనం ఒప్పుకోలేదు, అంతే.

రెండో సమాధానం
1933 కంటే నాకు 1923 ముఖ్యం. నిషేధాన్ని అమలు చేయడానికి తను చేసుకున్న చట్టాన్ని న్యూయార్క్ రాష్ట్రం ఆ ఏడాదే రద్దు చేసుకుంది. రాజ్యాంగంలో నిషేధం మరో పదేళ్లు ఉంది. కానీ అక్కడ దాన్ని పట్టించుకోవాల్సిన బాధ్యత కొద్దిమంది కేంద్ర ఏజెంట్ల మీద పడింది. జనం ఒప్పుకోకపోవడం అంటే ఆచరణలో ఇదే: వీధిలో ఉన్న పోలీసు ఆ పని తనది కాదని పక్కకి తప్పుకోవడం. గవర్నర్‌కి ఓట్ల భయం ఉందా లేదా అన్నది దాని తర్వాతి ప్రశ్న.