ఆ ఇద్దరు రాణులు నిజంగా కలుసుకున్నారా?

ప్రశ్న (విజయవాడ):
2018లో విడుదలైన ‘మేరీ క్వీన్ ఆఫ్ స్కాట్స్’ చిత్రాన్ని నిన్న మా ఇంటిల్లిపాదీ చూశాము. ఆరవేసిన తెల్లని బట్టల చాటున స్కాట్లండు రాణి మేరీ, ఇంగ్లండు రాణి ఎలిజబెత్ రహస్యంగా కలుసుకునే సన్నివేశం మనసును పట్టుకున్నది. అది చరిత్రలో ఉన్నదేనా? ఒకరినొకరు సోదరి అని పిలుచుకున్న వీరిద్దరికీ అసలు వరస ఏమిటని మా అమ్మ అడుగుతున్నారు.

మొదటి సమాధానం:
వారు ఒక్కసారి కూడా కలుసుకోలేదండీ. 1562లో ఒక సమావేశం ఖరారైంది కానీ, ఫ్రాన్సులో మతయుద్ధం మొదలవడంతో ఆగిపోయింది. 1568లో మేరీ ఇంగ్లండుకు పారిపోయి వచ్చి ఎన్ని లేఖలు రాసినా, భర్త డార్న్లీ హత్యలో ఆమెపై ఉన్న నింద తొలగనిదే చూడనని ఎలిజబెత్ పట్టుబట్టింది. వారిని రంగస్థలంపై కలిపిన జర్మన్ రచయిత షిల్లర్ నాటకం 1800 నాటిది. కనుక ఈ కల్పన పాతదే.

రెండవ సమాధానం (గుంటూరు):
వరస సంగతి నేను చెబుతాను. మేరీ నాయనమ్మ మార్గరెట్, ఎలిజబెత్ తండ్రి ఎనిమిదవ హెన్రీ తోబుట్టువులు. అంటే మేరీ తండ్రికి ఎలిజబెత్ మేనమామ కూతురు. మన లెక్కలో మేరీకి పిన్ని అవుతుంది! సోదరి అన్నది రాజుల మధ్య మర్యాద మాత్రమే. హెన్రీకి ఎలిజబెత్ తల్లి ఆన్ బొలీన్‌తో జరిగిన వివాహాన్ని కాథలిక్కులు గుర్తించలేదు కనుక, వారి దృష్టిలో ఇంగ్లండు సింహాసనానికి అసలు హక్కుదారు మేరీయే. కారంపూడి వీరుల గుడి చూసి పెరిగిన మా వైపు వారికి దాయాదుల పోరు కొత్తేమీ కాదు లెండి.

మూడవ సమాధానం:
నాకు ఆ కల్పనకన్నా, మేరీ బందీగా గడిపిన దాదాపు 19 ఏళ్లను చిత్రం ఒక్క గెంతులో దాటేయడమే కష్టంగా తోచింది. అసలు కథ అక్కడే ఉన్నది: బీరు పీపాల్లో దాచి పంపిన సంకేత లేఖలను ఎలిజబెత్ గూఢచారుల అధిపతి వాల్సింగ్‌హామ్ మనుషులు దారిలోనే విప్పి చదివేవారు, ఎలిజబెత్‌ను చంపే బాబింగ్టన్ కుట్రకు మేరీ సమ్మతించినట్లున్న 1586 నాటి లేఖ అలాగే చిక్కింది. 1587 ఫిబ్రవరి 8న ఫాదరింగే కోటలో ఆమె తల నరికారు. మరణాజ్ఞపై సంతకం తనదే అయినా, దాన్ని పంపించిన నేరం ఎలిజబెత్ తన కార్యదర్శిపై నెట్టింది. మేరీ చెరలో రాసిన మరో 50కి పైగా సంకేత లేఖలను పరిశోధకులు ఛేదించినట్లు 2023లో వెల్లడైంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పిన్ని వరస అని తెలిశాక మా అమ్మకు ఎలిజబెత్‌పై కోపం రెట్టింపైంది.