లావో కథకి యుద్ధం గురించి ముందుమాట కావాలా, వద్దా?

మునగచెట్టు:
లావో మూలాలున్న కెనడా రచయిత్రి సువాంఖమ్ తమ్మవోంగ్సా కథల పుస్తకం 'హౌ టు ప్రొనౌన్స్ నైఫ్' (2020లో కెనడావాళ్ల గిల్లర్ ప్రైజ్ వచ్చింది) లోంచి మొదటి కథ తెలుగు చేస్తున్నాను. బడి పుస్తకంలో 'నైఫ్' చదవడం రాక పాప నాన్నని అడుగుతుంది, ఆయన ముందున్న 'కె'ని కూడా పలికి చెబుతాడు. క్లాసులో తప్పన్నా పాప ఒప్పుకోదు, ఇంటికొచ్చి నాన్నకి ఆ సంగతి చెప్పదు. అయితే ఈ లావో కుటుంబం, అంటే థాయిలాండ్ పక్కనున్న లావోస్ వాళ్లు, పరాయి దేశానికి ఎందుకొచ్చారో కథలో విడమర్చి ఉండదు. 1964 నుంచి 1973 దాకా అమెరికా లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసిందనీ, 1975లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక లక్షల మంది దేశం వదిలారనీ, చాలామంది మెకాంగ్ నది దాటి థాయిలాండ్ శిబిరాలకు చేరారనీ మనలో ఎంతమందికి తెలుసు? ఒక పేజీ ముందుమాట ఉండి తీరాలని నా పట్టుదల.

ఏటిగట్టు:
వద్దండీ. ముందే బాంబుల లెక్క చెబితే చదివేవాడు జాలిపడడానికి సిద్ధమై కూర్చుంటాడు, ఇక ఆ నాన్న మామూలు నాన్నలా కనబడడు. పిల్ల మొండికేసింది నాన్న మాట పోకూడదని. అది తెలియడానికి చరిత్ర ఎందుకు? తెలుగు మీడియంలో ఆరో తరగతిలో నేనూ 'క్నైఫ్' అనే చదివాను, రాసిందల్లా పలకడం మనకి అలవాటు కదా, ఆయన తప్పు చూడగానే నాకు మా క్లాసు గుర్తొచ్చింది.

మంచులో మామిడి:
ఏటిగట్టు గారూ, నా భయం అదే, 'అచ్చం మనలాగే' అనేసుకుంటాం. నేను టొరంటోలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. డిగ్రీతో, వీసాతో వచ్చాను, అమ్మకి బాగోలేదంటే టికెట్ కొనుక్కుని వెళ్లగలను. ఈ పుస్తకంలో మనుషులు కోళ్ల ఫ్యాక్టరీలో, గోళ్లకి రంగులేసే సెలూన్‌లో పనిచేస్తారు, పొలాల్లో వానపాములు ఏరుతారు. రచయిత్రి పుట్టిందే 1978లో, థాయిలాండ్‌లోని నోంగ్ ఖాయ్ శరణార్థి శిబిరంలో. సంక్రాంతికి ఊరెళ్లలేదన్న బెంగనీ, వెనక్కి పోయే దారే లేకపోవడాన్నీ ఒకే గాటన కట్టేస్తే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ముందుమాట లేకపోతే దీన్ని ఇంకో ఎన్నారై కథలా చదివేస్తారు.

ఏటిగట్టు:
తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ మనం లావో అని ఎవరికీ చెప్పొద్దని ఆ నాన్నే కూతురికి చెబుతాడు కదా, అదే మనిషి టీషర్టు మీద 'లావోస్' అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఆయన దాచమన్నది మనం మొదటి పేజీలోనే చాటేస్తే ఆ టీషర్టు దగ్గర పాఠకుడు ఎందుకు ఆగుతాడు? నాకు కథంతా అక్కడే ఉందనిపిస్తుంది.

మునగచెట్టు:
టీషర్టు సంగతి నేను ఇలా ఆలోచించలేదు. సరే, చరిత్ర కథ అయిపోయాక పెడతాను, మంచులో మామిడి గారు చెప్పిన తేడా కూడా అందులో రాస్తాను. తీసేయను మాత్రం. ఇప్పుడు ఇంకో చిక్కు. వాళ్ల భాషలో దేశం పేరు 'లావ్', చివరి 'స్' ఫ్రెంచివాళ్ల పాలనలో తగిలింది. మన లిపిలో 'లావోస్' అని రాస్తే నాలుగక్షరాలు రావు. ఆ టీషర్టు మీద తెలుగులో ఏం రాయమంటారు?