దెబ్బతిన్న కారుతో క్వాలిఫైయింగ్‌లో మంచి ల్యాప్ ఎలా సాధ్యం?

ప్రశ్న – కెర్బ్‌యాత్రికుడు:
ఫార్ములా వన్ కొన్నేళ్లుగా చూస్తున్నాను గాని ఒక సందేహం మాత్రం తీరలేదు. క్వాలిఫైయింగ్‌లో (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో ఒక్కో ల్యాప్ సమయంతో తేల్చే, మూడు విడతల పోటీ) ఒక డ్రైవర్ గోడను రాసుకుపోతాడు, ఫ్రంట్ వింగ్ అంచు విరిగి వేలాడుతున్నట్టు టీవీలో స్పష్టంగా కనిపిస్తుంది, అయినా మరుసటి ల్యాప్‌లో సమయం మెరుగుపడుతుంది. వెయ్యో వంతు సెకను కోసం ఇంజనీర్లు నెలల తరబడి తలలు బద్దలు కొట్టుకునే ఆటలో ఇది డ్రైవర్ ప్రతిభేనా, లేక ఆ ముక్కకు మనం అనుకున్నంత ప్రాధాన్యం లేదా?

జవాబు – గాలివాటం:
ఏ ముక్క పోయిందన్నదే ఇక్కడ ముఖ్యం. క్వాలిఫైయింగ్ కాకపోయినా 2022 సిల్వర్‌స్టోన్ రేసును చూడండి. డ్రైవర్ లెక్లేర్ కారు ఫ్రంట్ వింగ్ ఎండ్‌ప్లేట్ (వింగ్ చివర ఉండే నిలువు పలక) మొదట్లోనే దెబ్బతిన్నా అతడు ముందువరుస వేగంతోనే నడిపి 4వ స్థానంలో ముగించాడు. అదే రోజు మరో డ్రైవర్ వెర్‌స్టాపెన్ కారు అడుగున వేరే కారు నుంచి ఊడిన ముక్క ఇరుక్కుని ఫ్లోర్ పాడైంది. ఆధిక్యంలో ఉన్నవాడు 7వ స్థానానికి జారిపోయాడు. ఆ ఏడాది వచ్చిన కార్లకు డౌన్‌ఫోర్స్‌లో (గాలి కారును ట్రాక్‌కు అదిమిపెట్టే బలం) పెద్ద వాటా ఫ్లోర్ నుంచే వచ్చేది. పైగా ముక్కు భాగాన్ని పిట్‌లో క్షణాల్లో మార్చగలరు గాని, ఫ్లోర్ మార్చేందుకు కొద్ది నిమిషాల మూడో విడతలో వ్యవధి ఎక్కడిది?

ఎడమ ఎండ్‌ప్లేట్ పోయిందనుకుందాం. కుడి మలుపుల్లో కారు ముక్కు తిరగనని మొరాయిస్తుంది. డ్రైవర్ స్టీరింగ్ మీది మీటతో బ్రేకు బలాన్ని కాస్త వెనక చక్రాల వైపు జరిపి, ఆ ఒకటి రెండు మలుపులకు ముందుగానే బ్రేకు వేసి సర్దుకుంటాడు. రేసులోనైతే అలా జారిన టైరు వేడెక్కి, అరిగి, ల్యాప్ ల్యాప్‌కూ నష్టం పెరుగుతుంది. క్వాలిఫైయింగ్‌లో టైరు ఒక్క ల్యాప్ నిలబడితే చాలు కనుక ఆ అప్పు తీర్చాల్సిన అవసరమే రాదు.

జవాబు – స్టాప్‌వాచ్:
పై వివరణ సరైనదే గాని, ప్రశ్నలోనే ఒక లొసుగు ఉంది. విడత గడిచేకొద్దీ ట్రాక్ మీద రబ్బరు పేరుకుని పట్టు పెరుగుతుంది, అందరి సమయాలూ తగ్గుతాయి. దెబ్బతిన్న కారు సెకనులో 2 పదో వంతులు మెరుగైతే, అదే వ్యవధిలో సహచరుడు 4 పదో వంతులు మెరుగై ఉండవచ్చు. కాబట్టి డ్రైవర్‌ను అతని పాత సమయంతో కాక, అదే కారు నడిపే సహచరుడితో పోల్చాలి. విరిగిన వింగ్‌తో 14వ స్థానానికి పడిపోయినవాళ్లు మనకు గుర్తుండరన్నది కూడా మరచిపోకూడదు.

జవాబు – పార్క్‌ఫెర్మే:
ఒక వింత ఉదాహరణ. 2021 బ్రెజిల్‌లో శుక్రవారం క్వాలిఫైయింగ్‌లో హామిల్టన్ 0.438 సెకన్ల తేడాతో అందరికన్నా ముందు నిలిచాడు. తనిఖీలో డీఆర్‌ఎస్ (వేగం పెంచేందుకు వెనక వింగ్ పలకను తెరిచే ఏర్పాటు) తెరిచినప్పుడు వెనక వింగ్ సందు 85 మిల్లీమీటర్ల పరిమితిని ఒక పక్క 0.2 మిల్లీమీటర్లు దాటిందని తేలింది. కావాలని చేసినది కాదని స్టీవార్డ్‌లు (రేసు న్యాయనిర్ణేతలు) ఒప్పుకున్నా, ఫలితాన్ని మాత్రం రద్దు చేశారు. అతడు శనివారం జరిగిన చిన్న రేసు స్ప్రింట్‌లో చివరినుంచి 5వ స్థానానికి చేరి, ఇంజిన్ మార్పు శిక్షతో ఆదివారం 10వ స్థానంలో మొదలుపెట్టి రేసు గెలిచాడు. లోపమున్న కారుతో వేగంగా నడపడం ఒక సంగతి, ఆ సమయం తనిఖీకి నిలవడం మరో సంగతి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. అయితే విడత ముగిశాక కూడా వెంటనే బయటపడని నష్టం మాటేమిటి?

జవాబు – పార్క్‌ఫెర్మే:
2021 మొనాకోలో జరిగింది అదే. లెక్లేర్ పోల్ (రేసును మొదటి స్థానం నుంచి మొదలుపెట్టే హక్కు) ల్యాప్ పూర్తి చేశాక, చివరి ప్రయత్నంలో స్విమ్మింగ్ పూల్ దగ్గర గోడకు గుద్దుకున్నాడు. గేర్‌బాక్స్‌ను జట్టు పరీక్షించి బాగానే ఉందనుకుంది. తీరా ఆదివారం గ్రిడ్‌కు (రేసు మొదలయ్యే చోటు) వెళ్తుండగా ఎడమవైపు డ్రైవ్‌షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే కడ్డీ) హబ్ విరిగింది. రేసు మొదలైనప్పుడు పోల్ గడి ఖాళీగా ఉంది.