అప్‌డేట్: 3 కిలోవాట్ల సోలార్‌కు సబ్సిడీ లెక్క తేలింది

ఇంటిపైన 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద సబ్సిడీ ఎంత వస్తుందని అడిగాను కదా. మొదటి 2 కిలోవాట్లకు రూ.30,000 చొప్పున, మూడోదానికి రూ.18,000, మొత్తం రూ.78,000. 5 కిలోవాట్లు పెట్టినా అంతే.

అసలు చిక్కు కెపాసిటీ దగ్గరే. ప్యానెళ్లు, ఇన్వర్టర్‌లలో ఏది తక్కువైతే అదే లెక్క. 3 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు 540 వాట్ల ప్యానెళ్లు 5 బిగిస్తే 2.7 కిలోవాట్లే అవుతుంది, 6 ఉండాల్సిందే. కొటేషన్‌లో ఇన్వర్టర్ సైజు ఒక్కటే రాసిస్తే ఒప్పుకోకండి, ప్యానెళ్ల సంఖ్య, వాట్లు కూడా రాయించుకోండి. అవి డీసీఆర్ ప్యానెళ్లే కావాలి, అంటే లోపలి సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే. లేకపోతే సబ్సిడీ రాదు. నెట్ మీటర్ (మనం వాడిన కరెంటు, గ్రిడ్‌కు పంపిన కరెంటు రెండూ లెక్కించేది) బిగించి, డిస్కం (కరెంటు సరఫరా సంస్థ) తనిఖీ పూర్తయ్యాకే డబ్బు ఖాతాలో పడుతుంది.