సున్నపురాయి గని పక్క ఊరికి ఖనిజ నిధి రాబట్టుకునేదెట్లా?

ముద్దనూరు రైతు:
మా ఊరికి మూడు కిలోమీటర్లలో సిమెంటు ఫ్యాక్టరీ గని ఉంది. ఎండాకాలమొస్తే బోర్లు అడుగంటుతున్నాయి. గనుల ప్రభావం పడే ఊళ్ల కోసం కంపెనీలు డబ్బు కట్టే జిల్లా ఖనిజ ఫౌండేషన్ అనే నిధితో మంచినీళ్లు తెచ్చుకోవచ్చంటున్నారు. అందులోకి ఎంత వస్తుంది, ఎవరిని అడగాలి?

గనుల లెక్క:
2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజైతే కంపెనీ రాయల్టీలో (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ములో) 30 శాతానికి సమానమైన మొత్తం, ఆ తర్వాత వేలంలో పొందిన లీజైతే 10 శాతం ఫౌండేషన్‌కు కట్టాలి. సిమెంటు సున్నపురాయికి రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. ఏడాదికి 10 లక్షల టన్నులు తవ్వితే పాత లీజు నుంచి 2.4 కోట్లు, వేలం లీజు నుంచి 80 లక్షలు. ఇది రాయల్టీకి అదనం. "రాయల్టీ ప్రభుత్వానికి పోయింది, మీకేముంటుంది" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. నాపరాయి లాంటి చిన్న ఖనిజాలకు మాత్రం రేటు రాష్ట్రమే నిర్ణయిస్తుంది.

యర్రగుంట్ల:
ముందు మీ ఊరు ప్రభావిత గ్రామాల జాబితాలో ఉందో లేదో గనుల శాఖ ఆఫీసులో చూసుకోండి. ఈ నిధిపై కేంద్రం ఇచ్చిన 2024 మార్గదర్శకాల ప్రకారం గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లు నేరుగా ప్రభావితమైనవి. నిధిలో కనీసం 70 శాతం అక్కడే ఖర్చు పెట్టాలి.

తరవాత గ్రామసభ తీర్మానం. "నీటి సమస్య తీర్చాలి" అని రాస్తే ఆ కాగితం ఎక్కడికీ కదలదు. పని పేరు, ట్యాంకు కట్టే చోటు సర్వే నంబరు, ఇళ్ల సంఖ్య రాసి, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) అసిస్టెంట్ ఇంజనీరు వేసిన ఎస్టిమేటు జతచేయండి. ఫౌండేషన్‌కు అధ్యక్షుడు కలెక్టరే కాబట్టి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ మండలానికి మంజూరైన పనులు, ఖర్చు అడగండి. 30 రోజుల్లో చెప్పాలి.

తాడిపత్రి:
జిల్లా సరిహద్దు దాటినా ఆ 15 కిలోమీటర్లు వర్తిస్తాయి. మా వైపు ఊళ్లవాళ్లు కూడా అడగాల్సిందే.

నీళ్ల పని:
ఒక్క మాట అన్నా, ఆర్వో ప్లాంటు మాత్రం అడగొద్దు. బోరే ఎండుతుంటే దానికి నీళ్లెక్కడివి? వచ్చిన నీళ్లలోనూ చాలా భాగం ఉప్పునీరుగా బయటికి పోతుంది. నీళ్లను వడగట్టే మెంబ్రేన్లు మార్చే డబ్బు పంచాయతీ దగ్గర లేక చాలాచోట్ల షెడ్డు తాళం పడి ఉంటుంది. గండికోట లేదా మైలవరం జలాశయం నీటి పథకం నుంచి పైపులైను, ఓవర్‌హెడ్ ట్యాంకు అడగండి. కరెంటు బిల్లు, మోటారు మరమ్మతు ఎవరు భరిస్తారో తీర్మానంలోనే రాయించండి.